తడిసిన ఇల్లు ఆరబెట్టే పని: ఏ ఆన్‌లైన్ కోర్సు ఎవరికి పనికొస్తుంది?

2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడినప్పుడు విజయవాడ సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లలో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. నీళ్లు తీశాక బురద ఎత్తారు, ఫైర్ ఇంజన్లతో ఇళ్లు కడిగారు. కానీ ఇల్లు కడగడం వేరు, ఆరబెట్టడం వేరు. గోడ లోపలికి దిగిన నీటిని కొలిచి, లెక్కగా బయటికి తీసి, ఆరిందని అంకెలతో చూపించే పని మన దగ్గర కొత్త. విజయవాడ, గుంటూరుల్లో క్లీనింగ్ కాంట్రాక్టులు చేసేవాళ్లు, ఏసీ మెకానిక్కులు, పెయింటర్లు ఇప్పుడు ఈ పనికోసం ఆన్‌లైన్ కోర్సులు వెతుకుతున్నారు. దొరికేవి ఎక్కువే, ధరలు మాత్రం ఉచితం నుంచి కొన్ని వందల డాలర్ల దాకా ఉన్నాయి.

ఈ పనికి వరదే రానక్కర్లేదు. పై ఫ్లాట్ బాత్రూమ్ నుంచి కింది ఫ్లాట్ సీలింగ్‌లోకి కారడం, ఓవర్‌హెడ్ ట్యాంకు పొంగడం, స్ప్లిట్ ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయి కబోర్డు వెనక గోడ నానడం ఏడాది పొడవునా ఉంటాయి. కాబట్టి వరద దృశ్యాలు చూపించి అమ్మే కోర్సు కంటే ఈ చిన్న లీకేజీల్లో పనికొచ్చే కోర్సును ఎంచుకోవాలి.

ముందు మన గోడ సంగతి

ఈ రంగంలో పేరున్న కోర్సులన్నీ అమెరికా ఇళ్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. అక్కడ చెక్క ఫ్రేము, దానిమీద జిప్సం బోర్డు, నేలమీద కార్పెట్, దాని కింద ప్యాడ్. బోర్డు తడిస్తే రెండడుగుల ఎత్తున కోసి పారేసి, లోపలికి గాలి కొట్టి ఆరబెడతారు. మన దగ్గర 9 అంగుళాల ఇటుక గోడ, రెండువైపులా సిమెంటు ప్లాస్టరింగు, పైన లప్పం, పెయింటు. కోసి పారేయడానికి ఏమీ లేదు.

మామూలు కాల్చిన ఇటుకను 24 గంటలు నీళ్లలో ఉంచితే దాని బరువులో 20 శాతం మించి నీరు తాగకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 1077 చెబుతుంది. మూడు కిలోల ఇటుకకు అది 600 గ్రాములు. మీటరు ఎత్తున మునిగిన 3 మీటర్ల గోడలో సుమారు 340 ఇటుకలుంటాయి. ఒక్కో ఇటుక అర లీటరు తాగిందనుకున్నా ఆ ఒక్క గోడలో 170 లీటర్లు. అదంతా ప్లాస్టరింగును దాటుకుని మెల్లగా బయటికి రావాలి. పైన ప్లాస్టిక్ పెయింటు ఉంటే దారి ఇంకా మూసుకుపోతుంది. నెల తిరక్కుండా లప్పం పెట్టి రంగు వేసిన గోడ పొక్కులు లేచి రాలేది ఇందుకే.

ఈ రంగానికి ఆధారమైన ఎస్500 ప్రమాణం తడిసిన గదుల్ని నాలుగు క్లాసులుగా విడదీస్తుంది. ఇటుక, కాంక్రీటు, ప్లాస్టరు, గట్టి కలప లోతుగా నానితే అది నాలుగో క్లాసు, అన్నిటికంటే నెమ్మదిగా ఆరేది. అమెరికా కోర్సులో నాలుగో క్లాసు ఒక చిన్న అధ్యాయం. మనకు రోజువారీ పని అదే. అందుకే డబ్బు కట్టేముందు కోర్సు అమ్మేవాళ్లను ఈ ఒక్క ప్రశ్న అడగండి: తాపీ గోడ, కాంక్రీటు ఆరబెట్టడం మీద ఎన్ని గంటల పాఠం ఉంది? సూటిగా గంటల లెక్క చెప్పలేకపోతే ఆ కోర్సును పక్కన పెట్టొచ్చు.

ఐఐసీఆర్‌సీ గుర్తింపు ఉన్న లైవ్ క్లాసులు

ప్రపంచంలో ఎక్కువ చోట్ల చెల్లే సర్టిఫికెట్ ఐఐసీఆర్‌సీ అనే అమెరికా సంస్థది. ఎస్500 ప్రమాణం ప్రచురించేదీ వాళ్లే. పాఠాలు చెప్పేది వాళ్లు ఆమోదించిన స్కూళ్లు, పరీక్ష మాత్రం ఐఐసీఆర్‌సీది. చాలా స్కూళ్లు క్లాసు ఫీజు ఒకటి చెప్పి, పరీక్ష ఫీజు విడిగా కట్టమంటాయి. రెండూ కలిపి ఎంతో మొదటే రాతపూర్వకంగా తీసుకోండి.

మొదటి మెట్టు డబ్ల్యూఆర్‌టీ, అంటే నీటి నష్టం టెక్నీషియన్ కోర్సు. సాధారణంగా మూడు రోజులు. నీటి కేటగిరీలు, గాలిలో తేమ లెక్కలు, యంత్రాల ఎంపిక, భద్రత నేర్పుతారు. దీని తర్వాతే గోడలూ నేలలూ ఆరబెట్టడంలో లోతుగా వెళ్లే ఏఎస్‌డీ, బూజు తొలగించే ఏఎంఆర్‌టీ. డబ్ల్యూఆర్‌టీ లేకుండా ఆ రెండిటిలో సర్టిఫికెట్ రాదు. మూడూ కలిపి ప్యాకేజీగా అమ్మజూపితే తొందరపడొద్దు. మొదటిది పాసై, నాలుగైదు పనులు చేశాక రెండోది తీసుకుంటే అక్కడ అడగాల్సిన ప్రశ్నలు మీకే తెలుస్తాయి. ఏఎస్‌డీని మాత్రం స్క్రీన్ మీద కాకుండా, నిజంగా గదుల్ని తడిపి ఆరబెట్టి చూపించే స్కూల్లోనే చేయడం మంచిది. యంత్రాన్ని ఎక్కడ పెడితే గాలి ఎటు తిరుగుతుందో చేత్తో పెట్టి చూస్తేనే పట్టుబడుతుంది.

క్లాసు వేళలు చూసుకోకుండా డబ్బు కట్టొద్దు. న్యూయార్క్ సమయంతో నడిచే స్కూలు ఉదయం 8కి మొదలుపెడితే వేసవిలో మనకు సాయంత్రం 5:30, క్లాసు అయ్యేసరికి తెల్లవారుజామున 2:30. చలికాలంలో ఇంకో గంట ఆలస్యం. కాలిఫోర్నియా సమయమైతే రాత్రంతా జాగారమే. పగలంతా సైట్లో ఉండి రాత్రి కూర్చుంటే రెండో రోజుకే పాఠం బుర్రకెక్కదు. బ్రిటన్ స్కూలు 9కి మొదలైతే వేసవిలో మనకు మధ్యాహ్నం 1:30. దుబాయ్ సమయంతో 9కి మొదలయ్యే క్లాసు అయితే ఉదయం 10:30. పాఠం నాణ్యత సమానమనిపిస్తే ఈ రెండిట్లో ఒకటి తీసుకోండి.

కొలతలు ఇంకో ఇబ్బంది. పాఠంలో ఫారన్‌హీట్, గ్యాలన్లు, పింట్లు. అన్నిటికంటే తికమకపెట్టేది గ్రెయిన్స్ పర్ పౌండ్, అంటే ఒక పౌండు పొడిగాలిలో ఎన్ని గ్రెయిన్ల (చిన్న తూకపు కొలత) నీటి ఆవిరి ఉందన్న లెక్క. దీన్ని 7తో భాగిస్తే కిలో గాలికి గ్రాములు వచ్చేస్తాయి. గాలిలో తేమను లాగే యంత్రం డీహ్యూమిడిఫైయర్ 70 పింట్లు అంటే రోజుకు సుమారు 33 లీటర్లు. ఈ రెండు మార్పిడులూ ముందే నోటికి వస్తే సగం భయం పోతుంది.

సర్టిఫికెట్ వచ్చాక ఏటా రెన్యువల్ ఫీజు ఉంటుంది, నాలుగేళ్లకోసారి 14 గంటల అదనపు శిక్షణ చూపించాలి. ఇవి కట్టకపోతే అది చెల్లదు. సర్టిఫికెట్ మనిషికి వస్తుంది, కంపెనీకి కాదు. నేర్చుకున్న కుర్రాడు మానేస్తే ఆ గుర్తింపు అతనితోనే పోతుంది. నలుగురు పనివాళ్లున్న చిన్న సంస్థ అయితే యజమాని తానే ముందు చేయాలనేది అందుకే.

ఎప్పుడైనా చూసుకునే వీడియో కోర్సులు

నెలసరి చందా కట్టి ఫోన్లో చూసుకునేవి, కెమికల్ కంపెనీలూ యంత్రాల కంపెనీలూ ఇచ్చేవి ఈ రకం. చివర పది ప్రశ్నలు, వెంటనే పీడీఎఫ్ సర్టిఫికెట్. అది కోర్సు పూర్తిచేశారనే కాగితం, అర్హత పత్రం కాదు. టెండర్లో గానీ గల్ఫ్ ఉద్యోగానికి గానీ దాన్ని అర్హతగా చూపిస్తే నిలవదు.

అయినా వీటిని తీసిపారేయకూడదు. నీళ్లు పీల్చే ఎక్స్‌ట్రాక్షన్ యంత్రం విప్పి కడగడం, కార్పెట్ మీద దాని వాండ్ (పీల్చే గొట్టం) నడిపే తీరు, ఎయిర్ మూవర్ (తడిమీదికి గాలి కొట్టే ఫ్యాను) పెట్టే కోణం, పీపీఈ తొడగడం, విప్పడం లాంటివి వీడియోలో చూస్తేనే బాగా అర్థమవుతాయి. తెలుగు తప్ప వేరే భాష రాని హెల్పర్లకు మాటలు ఆపేసి బొమ్మ చూపిస్తూ మేస్త్రీ వివరిస్తే చాలు. యంత్రాల కంపెనీ ఇచ్చే శిక్షణలో ఒక్క జాగ్రత్త: ప్రతి సమస్యకూ వాళ్ల యంత్రమే మందు అన్నట్టు ఉంటుంది. బ్రోచర్లో 'రోజుకు 50 లీటర్లు' అని ఉంటే ఏ ఉష్ణోగ్రతలో, ఎంత తేమలో అని చూడండి. మన మార్కెట్లో చాలావరకు 30 డిగ్రీలు, 80 శాతం తేమలో తీసిన అంకె వేస్తారు. అమెరికాలో పోలికకు వాడేది సుమారు 27 డిగ్రీలు, 60 శాతం దగ్గర తీసిన అంకె. గది ఆరుతున్నకొద్దీ యంత్రం తీసే నీరు తగ్గుతుంది కాబట్టి రెండో అంకే నిజానికి దగ్గర. ఏ పరిస్థితిలో తీసిందో రాయని బ్రోచర్ అంకెతో యంత్రాల లెక్క వేయొద్దు.

క్లీనింగ్ కోర్సులు, ప్రభుత్వ నైపుణ్య కోర్సులు

బ్రిటన్‌కు చెందిన బీఐసీఎస్సీ, అమెరికా ఐఎస్ఎస్ఏ లాంటి సంస్థల శిక్షణ ఆసుపత్రులు, హోటళ్లు, మాల్స్ కాంట్రాక్టులకు బాగా సరిపోతుంది. టాయిలెట్లకు ఎరుపు గుడ్డ, వంటగదికి ఆకుపచ్చ, మామూలు చోట్లకు నీలం అనే రంగుల పద్ధతి, కెమికల్ కలిపే పాళ్లు, మాప్ నడిపే పద్ధతి ఇవన్నీ ఇందులో. బెంజ్ సర్కిల్ నుంచి ఎన్‌హెచ్ వెంబడి ఉన్న హోటళ్లలోనో ఆసుపత్రుల్లోనో హౌస్‌కీపింగ్ చేస్తున్నవాళ్లకు డబ్ల్యూఆర్‌టీ కంటే ఇవే ముందు ఉపయోగం. కానీ తడిగోడ ఆరబెట్టడం వీటిలో ఉండదు.

స్కిల్ ఇండియా డిజిటల్ హబ్‌లో గానీ రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ ద్వారా గానీ దొరికేవి హెల్పర్ స్థాయికి మంచి మొదలు, ఖర్చు దాదాపు ఉండదు. వీటికంటే మించినది ఐటీఐలో ఏసీ, రిఫ్రిజిరేషన్ ట్రేడ్. డీహ్యూమిడిఫైయర్ లోపల ఉండేది కంప్రెసరూ కాయిలే కదా. ఆ ట్రేడ్ చదివినవాళ్లకు డబ్ల్యూఆర్‌టీలో అందరినీ ఏడిపించే తేమ లెక్కలు ముందే పరిచయం. మనిషిని ఎంచుకుని కోర్సుకు పంపే అవకాశం ఉంటే ఏసీ మెకానిక్‌నే పంపండి.

తేమ లెక్క: కోర్సు నాణ్యత తేలేది ఇక్కడే

ఏ కోర్సయినా డెమో పాఠం అడిగి, ఈ లెక్క ఎలా చెబుతున్నారో చూడండి. వానాకాలం మధ్యాహ్నం విజయవాడలో బయట 32 డిగ్రీలు, తేమ 75 శాతం. అదే రోజు రాత్రి వాన పడ్డాక 26 డిగ్రీలు, 95 శాతం. ఏ గాలిలో నీరు ఎక్కువ? చాలామంది రాత్రిదే అంటారు. లెక్క వేస్తే మధ్యాహ్నపు గాలిలో కిలోకు సుమారు 22.7 గ్రాములు, రాత్రి గాలిలో 20.2 గ్రాములు. శాతం ఎక్కువ ఉన్న చోట నీరు తక్కువ. లోపల ఏసీ నడుస్తూ 26 డిగ్రీలు, 50 శాతం ఉన్న గదిలో 10.5 గ్రాములే.

అంటే సెప్టెంబరులో కిటికీలు తెరిచి 'గాలాడనివ్వండి' అనడం ఆ గదిలోకి నీళ్లు మోసుకురావడమే. పైగా మధ్యాహ్నపు ఆ గాలి 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా చెమ్మగా మారుతుంది. అదే మే నెలలో 42 డిగ్రీలు, 25 శాతం ఉన్నప్పుడు బయటి గాలిలో సుమారు 12.9 గ్రాములే కాబట్టి తడిసిన గది కిటికీలు తెరవడం లాభమే. శాతం చూసి కాకుండా గ్రాములు చూసి కిటికీ తెరవాలో మూయాలో నిర్ణయించడం నేర్పే కోర్సు మంచి కోర్సు.

ఫ్యాన్ల లెక్క కూడా అంతే. ఎస్500 ప్రకారం గదికి ఒక ఎయిర్ మూవర్, దానికి తోడు తడిసిన ప్రతి 50 నుంచి 70 చదరపు అడుగుల నేలకు ఒకటి. 12 బై 12 గదికి మూడో నాలుగో. అయితే ఇటుక గోడ పైతడి ఆరిపోయాక గాలి వేగం పెంచి లాభం లేదు. లోపలి నీరు పైకి రావడానికి దానికి కావలసింది చుట్టూ పొడిగాలి, కాస్త వేడి, సమయం. అప్పుడు ఎయిర్ మూవర్లు తగ్గించి డీహ్యూమిడిఫైయర్ మీద ఆధారపడాలి. వారం దాటినా అన్ని ఫ్యాన్లూ హోరెత్తిస్తూ ఉంచమని చెప్పే పాఠం కార్పెట్ ఇళ్లది.

మాయిశ్చర్ మీటరు దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. ధాన్యం కొనేచోట వాడే తేమ మీటరు వేరు, ఇది వేరు. రెండు సూదులు గుచ్చే పిన్ మీటరు కలపకు సరిచేసినది. తలుపు చెక్క మీద 14 అని చూపిస్తే 14 శాతమే. ప్లాస్టరు మీద అదే 14 శాతం కాదు, పోల్చుకోవడానికి పనికొచ్చే అంకె మాత్రమే. గోడకు ఉప్పు పట్టి ఉంటే ఆ లవణాలు కరెంటును సులువుగా పోనిస్తాయి కాబట్టి ఆరిన గోడ కూడా తడిగానే చూపిస్తుంది. అందుకే అదే ఇంట్లో తడవని గోడ, అదే ప్లాస్టరు, అదే ఎత్తులో కొలిచి ఆ అంకెను లక్ష్యంగా పెట్టుకోవాలి. రోజూ ఒకే చోట, పెన్సిలు గుర్తు పెట్టి మరీ కొలిచి తేదీతో రాసిపెడితే ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు మాట నిలబడుతుంది.

డబ్బు కట్టేముందు ఇంట్లోనే చేసి చూడాల్సినవి

ఆన్‌లైన్ కోర్సులో చేతిపని ఉండదు కాబట్టి దాన్ని మీరే సమకూర్చుకోవాలి. ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపే చిన్న డిజిటల్ మీటరు కొనండి. సీసా మూతలో కల్లుప్పు వేసి, కరిగిపోకుండా ముద్దయ్యేంత మాత్రమే నీళ్లు చిలకరించి, మీటరుతో పాటు జిప్ కవరులో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దునకు 75 శాతం చూపించాలి. 80 చూపిస్తే ఆ మీటరు ఈ తేమ దగ్గర 5 ఎక్కువ చెబుతోందని దానిమీదే రాసి అంటించండి.

తర్వాత రెండు ఇటుకలు ఎండబెట్టి తూకం వేసి, 24 గంటలు నానబెట్టి మళ్లీ తూకం వేయండి. ఒకటి ఫ్యాను కింద తెరిచిన గదిలో, ఇంకోటి తలుపులు మూసి ఏసీ డ్రై మోడ్‌లో పెట్టి రోజూ బరువు రాసుకోండి. మొదటి రోజు గ్రాములు గబగబా తగ్గి, ఆ తర్వాత నత్తనడక నడవడం కళ్లారా చూస్తే నాలుగో క్లాసు ఏమిటో పుస్తకం కంటే బాగా అర్థమవుతుంది.

భద్రత పాఠం ఎంత ఉందో చూడండి

వరదనీరు, డ్రైనేజీ నీరు మూడో కేటగిరీ, అంటే అన్నిటికంటే మురికి నీరు. ఆ నీరు తాగిన పరుపులు, దిండ్లు, ఎండీఎఫ్ కబోర్డులు పారేయాల్సినవే. ఎండబెట్టి వాడుకోవచ్చని చెప్పే కోర్సు ప్రమాదకరం. బురద ఉన్నచోట బ్లీచింగ్ చల్లితే ఆ మట్టే క్లోరిన్‌ను తినేస్తుంది. ముందు సబ్బునీళ్లతో కడగాలి, తర్వాతే క్రిమిసంహారం. 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడరు లీటరు నీటికి 3 గ్రాములు కలిపితే సుమారు 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) క్లోరిన్. కనీసం పది నిమిషాలు తడిగా ఉండనివ్వాలి. దాన్ని యాసిడ్‌తో గానీ, యాసిడ్ ఉండే టాయిలెట్ క్లీనర్‌తో గానీ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన బాత్రూములో అది ప్రాణం తీయగలదు.

కరెంటు విషయంలో అమెరికా పాఠం యథాతథంగా పనికిరాదు. వాళ్లది 120 వోల్టుల లెక్క, మనది 230. మునిగిన ఇంట్లో బోర్డులు, ప్లగ్గులు విప్పి ఆరబెట్టి ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయకూడదు. మీ యంత్రాల తీగకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్చి) ఉన్న సొంత బోర్డు ఉండాలి.

గుంటూరు వాళ్లు పొగ, అగ్ని నష్టం కోర్సు ఎఫ్‌ఎస్‌ఆర్‌టీ గురించి ఆలోచిస్తారు. మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఉన్న ఊరు కాబట్టి అది న్యాయమే. వైర్ల పీవీసీ కాలితే వచ్చే క్లోరైడు మసి మోటార్లనూ ప్యానెళ్లనూ వెంటనే తినడం మొదలుపెడుతుందనే పాఠం అక్కడ బంగారం. అయితే మిర్చి ఘాటు మసిలో పనిచేయడానికి, చల్లదనం కోసం వాడే అమ్మోనియా లైన్లున్న భవనంలోకి వెళ్లడానికి ఆ కోర్సు చాలదు. అమ్మోనియా ప్లాంటు ఆపరేటరు క్లియర్ చేసేదాకా లోపలికి అడుగుపెట్టకూడదు. ధూళి మాస్కు అమ్మోనియాను ఆపదు.

ఎవరికి ఏది

కొత్తగా చేరిన హెల్పరుకు ఉచిత నైపుణ్య కోర్సు, వీడియోలు చాలు. హోటల్, ఆసుపత్రి కాంట్రాక్టులే జీవనమైతే క్లీనింగ్ కోర్సు. సొంతంగా లీకేజీ, వరద పనులు చేయాలనుకునేవాళ్లు, గల్ఫ్‌లో ఈ రంగంలో ఉద్యోగం చూసుకునేవాళ్లు డబ్ల్యూఆర్‌టీ చేయాలి. ఇంగ్లిషు చదివి అర్థం చేసుకోగలిగితేనే సుమా. అనుమానంగా ఉంటే ముందు అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఉచితంగా పెట్టిన బూజు పాఠాలు చదివి చూడండి. అవి అర్థమైతే డబ్ల్యూఆర్‌టీ కూడా అర్థమవుతుంది. కార్పెట్ కోర్సు మన ఇళ్లకు అవసరం లేదు, ఆఫీసులూ సినిమా హాళ్లూ చేతిలో ఉంటే తప్ప.

స్కూలు, టీచరు పేరు ఐఐసీఆర్‌సీ సైట్లో ఉన్నాయో లేదో మీరే వెతికి చూసుకోండి, వాళ్లు పంపిన లింకు నొక్కి కాదు. రిజిస్టర్ చేసేటప్పుడు పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరు విప్పి రాయండి. ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉన్న ఇంటిపేరు ఆన్‌లైన్ పరీక్ష రోజున గుర్తింపు కార్డుతో సరిపోలకపోతే లోపలికి రానివ్వకపోవచ్చు. పరీక్ష జరిగేంతసేపు కరెంటు పోయినా వైఫై నిలిచేలా రూటర్‌కు ఇన్వర్టరు కనెక్షన్, పక్కన ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి.